తకిట తకిట తకధిమి: లాటిన్ జాజ్‌లో ఎవర్ని వినాలి?

"లాటిన్ జాజ్ వినాలంటే ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?" అని ఈ మధ్య ఆఫీసులో ముగ్గురు అడిగారు. ముగ్గురిదీ ఒకటే బాధ. యాప్‌లో ఆ పేరు కొడితే గంటల తరబడి పాటలొస్తాయి. కాఫీ షాపుల్లో, హోటల్ లిఫ్టుల్లో వెనకాల మోగే బాపతు. ఎవరు వాయిస్తున్నారో తెలీదు, ఒక పాటకీ ఇంకోదానికీ తేడా తెలీదు. పది నిమిషాలు విని మళ్ళీ ఇళయరాజా దగ్గరికి వెళ్ళిపోవడమే.

నా సలహా ఏంటంటే, ముందు డప్పు వాయించేవాళ్ళ పేర్లు పట్టుకోండి. ట్రంపెట్లు, శాక్సోఫోన్లు, పియానోలు తర్వాత వాటంతటవే వస్తాయి. ఎందుకంటే లాటిన్ జాజ్ చరిత్రంటే చాలామటుకు వెనకాల కూర్చున్న డప్పువాడు స్టేజి ముందుకొచ్చిన చరిత్రే. అది తెలిస్తే ఎవర్ని వినాలో ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

ముందు లెక్క చూద్దాం. మనవాళ్ళకి లెక్కలంటే ఇష్టం కదా.

టేబుల్ మీద చెయ్యి పెట్టి, ఆగకుండా ఒకే వేగంతో ఇలా అనండి: తకిట తకిట తకధిమి తక తకధిమి. ప్రతి మాట మొదటి అక్షరం మీద మాత్రమే ఒక దెబ్బ వెయ్యండి. మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు, మొత్తం పదహారు. పదహారు అక్షరాలకి ఐదు దెబ్బలు. నాలుగైదు సార్లు తిప్పితే చేతికి దానంతటదే పట్టుబడుతుంది.

దీన్నే క్యూబాలో 'క్లావే' అంటారు. హవానా నుంచి న్యూయార్క్ దాకా ఈ సంగీతమంతా ఈ ఐదు దెబ్బల చుట్టూ తిరుగుతుంది. ఒక్కోసారి పైకి వినిపించదు కూడా, కానీ వాయించే ప్రతివాడి బుర్రలోనూ నడుస్తూనే ఉంటుంది. ఆ మాట లాటిన్‌లో తాళంచెవి అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. తాళానికి తాళంచెవి, ఇంతకంటే బాగా మనం కూడా పేరు పెట్టలేం. అమెరికాలో బో డిడ్లీ 1955లో తన పేరుతోనే చేసిన పాట వినండి, మీరు టేబుల్ మీద వేసిన దెబ్బలే వినిపిస్తాయి. రాక్ అండ్ రోల్‌లోకి కూడా అది అలా దూరిందన్నమాట.

క్లావే అనేది ఆ లెక్కకే కాదు, దాన్ని వాయించే చెక్కలకి కూడా పేరు. జానెడు పొడవున్న రెండు గట్టి కర్రముక్కలు, ఒకదాంతో ఒకటి కొట్టడమే. హవానా రేవులో ఓడలు కట్టడానికి వాడే చెక్క మేకుల నుంచి ఇవి పుట్టాయని క్యూబా పండితుడు ఫెర్నాందో ఓర్తిస్ రాశాడు. ఇది చదివినప్పుడు నాకు మా ఊరు గుర్తొచ్చింది. మాది బేతంచెర్ల. నాపరాళ్ళ ఊరు. మా సీమలో చెక్కభజన చూడనివాళ్ళుండరు. చేతుల్లో చెక్కలు పట్టుకుని, వలయం కట్టి, ఎగురుతూ, తిరుగుతూ, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా గంటలు గంటలు వేస్తారు. గురువు ముందు నిలబడి అడుగు మారిస్తే ఇరవై మంది ఒకేసారి మారతారు. ఆ చెక్కలకీ ఈ చెక్కలకీ చుట్టరికం ఉందని నేననడం లేదు. చెక్కభజన చూస్తూ పెరిగినవాడికి లాటిన్ జాజ్ అర్థం కావడానికి పుస్తకాలు అక్కర్లేదు అంటున్నానంతే. లోపల లెక్క ఆల్రెడీ ఉంది.

ఇక చరిత్రలోకి వద్దాం.

ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకుపోయినవాళ్ళు అమెరికాకీ వెళ్ళారు, క్యూబాకీ వెళ్ళారు. మరి జాజ్ పుట్టిన అమెరికాలో చేత్తో వాయించే డప్పులు ఎందుకు లేవు? భయం వల్ల. 1739లో సౌత్ కరోలినాలో స్టోనో అనే చోట బానిసలు తిరగబడ్డారు. డప్పుల మీద కబుర్లు పంపుకుంటారని దొరల అనుమానం. 1740లో చేసిన చట్టంలో బానిసల దగ్గర డప్పులు ఉండకూడదని నిషేధించారు. న్యూ ఆర్లియన్స్‌లో కాంగో స్క్వేర్ లాంటి చోట్ల తప్ప, తరాలు గడిచేసరికి చేతి డప్పు చాలామటుకు మాయమైపోయింది.

క్యూబాలో అలా జరగలేదు. అక్కడ బానిసత్వం 1886 దాకా సాగింది, ఆఫ్రికా నుంచి మనుషుల్ని పంతొమ్మిదో శతాబ్దంలో కూడా తెచ్చారు. యోరుబా దేవుళ్ళు క్రైస్తవ సెయింట్ల పేర్లతో బతికారు, వాళ్ళతోపాటు డప్పులూ బతికాయి. అలాగని గౌరవం దక్కిందా అంటే, లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కూడా అక్కడి పెద్దమనుషులకి కాంగా అంటే పేదవాడ నల్లవాళ్ళ మోత. పోలీసులు డప్పులు లాక్కున్న రోజులున్నాయి. పెద్ద హోటళ్ళలో వయొలిన్ ఉండొచ్చు, పియానో ఉండొచ్చు, కాంగా ఉండకూడదు. 1940 ప్రాంతంలో ఆర్సేనియో రోద్రిగెస్ అనే కళ్ళులేని సంగీతకారుడు తన బ్యాండులో కాంగాని పెట్టుకోవడం అందుకే అంత పెద్ద విషయం అయింది.

ఈ విడిపోయిన అన్నదమ్ములు మళ్ళీ కలుసుకున్నది న్యూయార్క్‌లో. కలిపినవాడు మారియో బౌసా.

బౌసా 1911లో హవానాలో పుట్టాడు, 1930లో న్యూయార్క్ వచ్చేశాడు. చిక్ వెబ్ బ్యాండులో ట్రంపెట్ వాయించాడు, తర్వాత క్యాబ్ క్యాలొవే బ్యాండులో చేరాడు. అక్కడికి డిజ్జీ గిలెస్పీ అనే కుర్రాణ్ణి తీసుకొచ్చింది ఈయనే. పగలూ రాత్రీ అమెరికా జాజ్ వాయిస్తున్నా, బుర్రలో మాత్రం హవానా డప్పులే. చివరికి తన బావమరిది మచీతోతో కలిసి 'మచీతో అండ్ హిజ్ ఆఫ్రో క్యూబన్స్' మొదలెట్టాడు. 1940 నాటి సంగతిది. ఆ పేరు చూడండి. తాము ఆఫ్రికా వాళ్ళమని చెప్పుకోవడం నామోషీ అనుకునే రోజుల్లో దాన్నే బోర్డు మీద రాయించుకున్నారు. 1943లో బౌసా చేసిన 'టాంగా'నే చాలామంది మొదటి లాటిన్ జాజ్ రచన అంటారు. కింద క్యూబా డప్పులు, పైన హార్లెమ్ ట్రంపెట్లు. రెండూ ఒకదానికొకటి లొంగకుండా పక్కపక్కన నడుస్తాయి.

అసలు నలభైల కంటే ముందే న్యూ ఆర్లియన్స్ పియానో వాయిద్యకారుడు జెల్లీ రోల్ మోర్టన్ ఈ సంగతి చెప్పాడు. స్పానిష్ తాలింపు పడకపోతే జాజ్‌కి రుచి రాదు అనే అర్థం వచ్చేలా 1938లో రికార్డు చేసిన ఇంటర్వ్యూల్లో అన్నాడు. తాలింపు అప్పటికే ఉంది. వేసినవాళ్ళ పేర్లు లేవు, అంతే.

ఆ పేరు బయటికొచ్చింది 1947లో. డిజ్జీ గిలెస్పీ తన పెద్ద బ్యాండుకి కాంగా వాయించేవాడు కావాలని బౌసాని అడిగాడు. బౌసా చూపించిన మనిషి చానో పోసో. హవానా మురికివాడల్లో పెరిగినవాడు, అప్పుడే న్యూయార్క్ వచ్చాడు. అతనికి ఇంగ్లీషు రాదు, గిలెస్పీకి స్పానిష్ రాదు. 1947 సెప్టెంబరు 29న కార్నెగీ హాల్లో వాయించారు. డిసెంబరు 30న 'మాంటెకా' రికార్డు చేశారు. ముందు బేసు, కాంగా మొదలవుతాయి. వాటి మీద శాక్సోఫోన్లు, ట్రాంబోన్లు, ట్రంపెట్లు అంతస్తు మీద అంతస్తు కట్టినట్టు వచ్చి చేరతాయి. ఈ రచన కింద కర్తలుగా గిలెస్పీ, గిల్ ఫుల్లర్‌లతోపాటు పోసో పేరు కూడా ఉంది. నోటు రాయడం రాని డప్పువాడికి కర్తృత్వం దక్కడం చిన్న సంగతి కాదు. పాపం, ఏడాది తిరక్కుండానే 1948 డిసెంబరులో హార్లెమ్‌లో ఒక బార్లో కాల్చి చంపేశారు. ముప్ఫై మూడేళ్ళు. గిలెస్పీ బ్యాండులో అతను గడిపింది ఏడాది పైచిలుకే, కానీ ఆ తర్వాత జాజ్ బ్యాండులో కాంగా ఉండటం వింత కాకుండా పోయింది.

ఇప్పుడు ఒక్కసారి మద్రాసు వద్దాం. అదే 1948. ఏప్రిల్‌లో జెమినీ వాసన్ 'చంద్రలేఖ' విడుదలైంది. పెద్ద పెద్ద డప్పుల మీద నాట్యం, ఆ డప్పుల్లోంచి సైనికులు దూకడం, ఇప్పటికీ చెప్పుకుంటారు. సినిమా తమిళమే కానీ సంగీతం మన సాలూరి రాజేశ్వరరావుగారిది. 1922లో పుట్టిన ఆయనకి అప్పటికి నా వయసు కూడా లేదు. కర్ణాటక, హిందుస్తానీ, స్ట్రాస్ వాల్ట్‌జ్‌లు, లాటిన్ అమెరికా జానపదం, పోర్చుగీసు జానపదం అన్నీ ఆ సినిమా సంగీతంలో కలిశాయని సినిమా చరిత్రకారులు రాశారు. తర్వాత 'మల్లీశ్వరి', 'మిస్సమ్మ' చేసిన మనిషే. అంటే న్యూయార్క్‌లో బౌసా, గిలెస్పీ వంట చేస్తున్న రోజుల్లోనే ఆ ఘాటు మద్రాసుకి కూడా తగిలిందన్నమాట.

ఎలా తగిలింది? 1930లో డాన్ అస్పియాసు బ్యాండు న్యూయార్క్‌లో రికార్డు చేసిన పల్లీలమ్మేవాడి పాట, 'ఎల్ మనిసేరో', ప్రపంచమంతా రుంబా పిచ్చి ఎక్కించింది. హాలీవుడ్ సినిమాలు, గ్రామఫోను రికార్డులు, పెద్ద హోటళ్ళలో వాయించే బ్యాండులు, ఇవీ దారులు. బొంబాయిలో ఆ బ్యాండుల్లో వాయించిన గోవా వాళ్ళే పగటిపూట సినిమా స్టూడియోల్లో వాయించేవారు. సి. రామచంద్ర 1951లో 'అల్బేలా' చేసినప్పుడు గోవా ట్రంపెట్ వాద్యకారుడు చిక్ చాకొలెట్ ఆయన వెనకాల ఉన్నాడు. హిందీ పాటల్లోకి బొంగో, కాంగా తెచ్చినవాళ్ళలో కావస్ లార్డ్ పేరు ముందు చెప్పుకుంటారు. తర్వాత మన తెలుగు క్లబ్బు పాటల్లో, ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన హుషారు పాటల్లో బొంగోలు, ట్రంపెట్లు ఎన్ని మోగాయో మీకు చెప్పక్కర్లేదు.

నన్ను తొలిచేసే ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఆ బొంగోలు వాయించిందెవరు?

మన రికార్డుల లేబుల్ మీద సినిమా పేరుంటుంది, సంగీత దర్శకుడి పేరు, పాడినవాళ్ళ పేర్లు ఉంటాయి. వాయించినవాళ్ళవి ఉండవు. మా జేజి రేడియో సిలోన్ తెలుగు ప్రోగ్రాం గురించి ఇప్పటికీ చెప్తుంది, మీనాక్షి పొన్నుదురై గొంతు గుర్తుంది ఆమెకి. పాట రాసింది ఫలానా, పాడింది ఫలానా అని చెప్పేవారట. బొంగో ఫలానా అని ఎవరూ చెప్పలేదు. చిక్ చాకొలెట్, కావస్ లార్డ్ లాంటి నాలుగైదు పేర్లు బొంబాయి వాళ్ళు వెతికి పెట్టారు కాబట్టి మిగిలాయి. తెలుగు పాటల దగ్గరికి వచ్చేసరికి నా ప్లేలిస్టులో ఉన్న సగం పాటలకి డప్పు ఎవరిదో నేను చెప్పలేను, చెప్పే కాగితం లేదు.

లాటిన్ జాజ్ వాళ్ళు బాగుపడింది ఇక్కడే. అట్ట వెనకాల పేర్లు రాసుకున్నారు. డిపెండెన్సీ ట్రీ లాంటిదది. ఒక పేరు పట్టుకుంటే మిగతా పేర్లన్నీ వాటంతటవే రిజాల్వ్ అయిపోతాయి. ఎలాగో చూపిస్తాను.

మనలో చాలామందికి ఇంజనీరింగ్ హాస్టల్లో సాంతానా తెలుసు. 1970లో ఆయన చేసిన 'ఓయె కోమో వా' ఏదో ఒక సీనియర్ గిటార్ మీద వాయించే ఉంటాడు. కానీ పాట సాంతానాది కాదు, టీటో పుయెంతేది. 1962లో 'ఎల్ రే బ్రావో' అనే ఆల్బంలో వచ్చింది. పాట మొదట్లో వచ్చే ఆ ముక్క ఇంకా పాతది, కచావ్ అనే హవానా బేసు వాద్యకారుడి 'చాంచూయో'కి దగ్గరి చుట్టం. అంటే ఒక్క హాస్టల్ పాటలోంచి ఇద్దరు దొరికారు. కచావ్ 1957లో హవానాలో తోటి వాద్యకారుల్ని పోగేసి అప్పటికప్పుడు వాయించిన 'క్యూబన్ జామ్ సెషన్స్ ఇన్ మినియేచర్' వినండి. ఒక్కోటి రెండు మూడు నిమిషాలే.

ఇక పుయెంతే. హార్లెమ్‌లో ప్యూర్టో రికో దంపతులకి 1923లో పుట్టాడు. యుద్ధంలో నేవీలో చేసి, ఆ సైనికుల స్కీం డబ్బుతో జూలియార్డ్‌లో చదువుకున్నాడు. టింబాలెస్ అనే జంట డప్పుల్ని బ్యాండు వెనక నుంచి తీసుకొచ్చి స్టేజి ముందు పెట్టి, నిలబడి వాయించాడు. నేను పైన చెప్పిన 'డప్పువాడు ముందుకు రావడం' అక్షరాలా జరిగింది అక్కడే. 1957లో రికార్డు చేసిన 'టాప్ పర్కషన్' తీసి చూడండి, చాలా భాగం డప్పులే. అట్ట వెనకాల మోంగో సాంతామరియా, విల్లీ బోబో, ఫ్రాన్సిస్కో అగ్వబెయ్యా పేర్లుంటాయి. మన తీగలో తర్వాతి ఆకులివి.

మోంగో హవానావాడు, 1950లో న్యూయార్క్ వచ్చి పుయెంతే దగ్గర కాంగా వాయించాడు. 1957లో విల్లీ బోబోతో కలిసి కాలిఫోర్నియాలో కాల్ జేడర్ దగ్గరికి వెళ్ళిపోయాడు. అంటే జేడర్ కూడా మీ లిస్టులోకి వచ్చేశాడు. మోంగో 1959లో చేసిన 'ఆఫ్రో బ్లూ'ని 1963లో జాన్ కోల్ట్రేన్ బర్డ్‌లాండ్ క్లబ్బులో వాయించాడు. రెండూ వెంటవెంటనే వినండి. మోంగో బ్యాండులో పియానో దగ్గర కూర్చున్నవాళ్ళలో కుర్ర చిక్ కొరియా ఒకడు. ఆయన వెళ్ళిపోయాక కొన్నాళ్ళు ఆ సీటు భర్తీ చేసిన ఇంకో కుర్రాడు హెర్బీ హాన్‌కాక్. ఆ హాన్‌కాక్ పాట 'వాటర్‌మెలన్ మ్యాన్'నే మోంగో 1963లో పెద్ద హిట్ చేశాడు. ఒక్క కాంగా వాద్యకారుడి పేరు పట్టుకుంటే కోల్ట్రేన్, కొరియా, హాన్‌కాక్ ముగ్గురూ వచ్చి మీ ఇంట్లో కూర్చున్నారు. యాప్ ఇచ్చే కాఫీ షాపు లిస్టుకి ఈ జన్మలో అది చేతకాదు.

1959 విప్లవం తర్వాత, ముఖ్యంగా అమెరికా ఆంక్షలు 1962లో బిగుసుకున్నాక, హవానా, న్యూయార్క్‌ల మధ్య రాకపోకలు తెగిపోయాయి. ఆ దెబ్బకి విడిపోయిన కుటుంబాల్లో ఒకటి బేబో వల్దేస్‌ది. హవానాలో పేరున్న పియానో వాద్యకారుడు, 1960లో దేశం వదిలేశాడు. చివరికి స్టాక్‌హోంలో స్థిరపడి, హోటళ్ళలో వచ్చేపోయే అతిథులకి దశాబ్దాలపాటు పియానో వాయించుకుంటూ బతికాడు. వదిలేసి వచ్చినప్పుడు కొడుకు చూచోకి పంతొమ్మిదేళ్ళు. ఆ చూచో క్యూబాలోనే ఉండి 1973లో 'ఇరాకేరే' బ్యాండు పెట్టాడు. పకీతో ద్రివేరా, ఆర్తూరో సాందోవాల్ అందులోంచి వచ్చినవాళ్ళే. తండ్రీకొడుకులు మళ్ళీ కలిసింది 1978లో, ఇరాకేరే కార్నెగీ హాల్లో వాయించడానికి వచ్చినప్పుడు. 2000లో ఫెర్నాందో త్రుయేబా తీసిన 'కాయే 54' సినిమాలో ఇద్దరూ ఎదురెదురు పియానోల దగ్గర కూర్చుని 'లా కంపార్సా' వాయిస్తారు. మాటలుండవు. ఇంటికి ఫోన్లోనే పండగ చేసుకునే మనలాంటి వాళ్ళు అది చూసి ఊరికే ఉండటం కష్టం. ఒక్క సినిమా చూసే ఓపికే ఉంటే ఈ సినిమానే చూడండి. పుయెంతే, కచావ్, ఇంకా గాతో బార్బియేరీ, జెర్రీ గొన్సాలెస్ అందరూ ఒకేచోట దొరుకుతారు. పుయెంతే ఆ ఏడాదే పోయాడు.

పేర్లు అట్టల మీద ఉన్నంత మాత్రాన నిలబడతాయన్న భరోసా కూడా లేదు. గ్రామీ అవార్డుల్లో లాటిన్ జాజ్‌కి విడిగా ఒక విభాగం ఉండేది. 2011లో నిర్వాహకులు ఒక్క దెబ్బకి 31 విభాగాలు తీసేశారు, అందులో ఇదీ పోయింది. బాబీ సనాబ్రియా అనే డ్రమ్మర్, మరికొందరు ఊరుకోలేదు. గోల చేశారు, కోర్టుకెళ్ళారు. 2012లో ఆ విభాగాన్ని వెనక్కి తెచ్చారు. అక్కడ కూడా ముందు నిలబడినవాడు డప్పు వాయించేవాడేనని గమనించండి.

మనం ఎక్కడున్నాం? మా ఊళ్ళో పీర్ల పండగకి గుండం చుట్టూ, పెళ్ళి ఊరేగింపుల్లో, దేవర్లలో తప్పెటలు మోగుతాయి. వాయించేవాళ్ళు ఏ వీధి నుంచి వస్తారో ఊరందరికీ తెలుసు. ఎవరి పేరేంటో చెప్పమంటే ఆ వీధి దాటాక తడుముకుంటారు. పెళ్ళి కార్డులో మేనమామల పేర్లు, మేనత్తల పేర్లు, ఫంక్షన్ హాలు పేరు అన్నీ అచ్చేస్తాం. ఇంటి ముందు రెండు గంటలు ఎండలో వాయించిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. ఇది మరిచిపోవడం వల్ల జరిగింది కాదు. చర్మం ముట్టుకునేవాడు ఎవడు, దాని మీద కొట్టేవాడు ఎవడు అని కులం రాసిపెట్టిన లెక్క ఇది. హవానా పెద్దమనుషులు కాంగాని చూసిన చూపు, మన పెద్దమనుషులు తప్పెటని చూసిన చూపు ఒకటే. వాళ్ళ దగ్గర చానో పోసో పేరు రికార్డు మీదకెక్కింది. ఇక్కడ తప్పెట స్థానంలో డీజే బండి వచ్చేస్తోంది, పేరు తెలియక ముందే మనిషి పోతున్నాడు.

చేతిలో ఇంత ఫోను పెట్టుకుని తిరుగుతున్నాం. ఈసారి ఊరెళ్ళినప్పుడు చెక్కభజన గురువుదో, తప్పెట వాయించే పెద్దాయనదో ఒక పది నిమిషాలు రికార్డు చేసి, ఆయన ఒప్పుకుంటే ఫైలు పేరులో ఆయన పేరు, ఊరు, తేదీ పెట్టండి. 'ఆడియో 0043' అని వదిలెయ్యొద్దు. నేను మొదలెట్టాను, ఇప్పటికి నాలుగు ఫైళ్ళున్నాయి. నాలుగో ఫైల్లో పెద్దాయన తప్పెట ఆపి, "నా పేరెందుకు నాయనా, పెళ్ళోళ్ళ పేరు రాసుకో" అంటాడు. ఆయన పేరే రాశాను.